కార్జం నమిలి చెప్పే వైద్యం

చోడవరంలో బంగార్రాజు తినని కోడి జబ్బు లేదు. పెట్ట మెడ వాల్చిందని కబురొస్తే చాలు, కండువా దులుపుకుని బయల్దేరేవాడు. రెక్క ఎత్తి చూసి, "కొక్కెర తెగులే! దీనికి మందు లేదు, సావకముందే కోసీండి" అనేవాడు. కూర ఉడికేదాకా అక్కడే కూర్చుని, కార్జం నమిలి మరీ జబ్బు ఖాయం చేసేవాడు. ముక్క నాలిక మీద పడితే ఆ కోడి ఏ కళ్ళంలో ఎవరి గింజలు తిందో కూడా చెప్పేవాడు. నమ్మకపోతే రావికమతం వెళ్ళి అడగండి. అక్కడ ధాన్యం దొంగల్ని పట్టించింది ఈ నాలికే.

యాభై అయిదు నాటి వానాకాలంలో దేముడమ్మ కోళ్ళకు పచ్చటి విరేచనాలు పట్టుకున్నాయి. తురాయిలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. మొగుడు పోయాక వాటి గుడ్లమ్ముకునే ఆమె బతుకుతోంది. కొత్తగా వచ్చిన పశువుల డాక్టరు శ్యామ్ సుందర్ దగ్గరికి పరిగెత్తింది.

"కొక్కెరైతే నేనేం చెయ్యలేనమ్మా. బాక్టీరియా అయితే మందుంది. లోపల చూస్తేగాని తెలీదు. చచ్చిన కోడిని కొయ్యకుండా పట్రా" అన్నాడాయన.

కొయ్యకుండానా! చోడవరంలో కోడి తనంతట తాను చచ్చిన దాఖలా లేదు. డాక్టరు వచ్చిన దగ్గర్నుంచీ అడుగుతూనే ఉన్నాడు. జనం ఈకలు మాత్రం భక్తిగా పట్టుకెళ్ళి ఇస్తున్నారు.

దేముడమ్మ ఒక పెట్ట దగ్గర కాపలా కూర్చుంది. పక్కనే కత్తితో బంగార్రాజు.

"ఒసే, కళ్ళు తేలేస్తంది, ఇంకా సూస్తావేటే? మసాలా నూరు!"

"నూరను మావా. నీ నాలిక్కి ఎప్పుడూ కొక్కెరే తగుల్తాది."

పెట్ట చచ్చింది. ఆమె దాన్ని బుట్టలో పెట్టుకుని ఆస్పత్రికి నడిచింది. వెనకాల బంగార్రాజు, దగ్గరి చుట్టం పోయినట్టు.

డాక్టరు కోసి చూస్తే కార్జం నిండా గుండుసూది మొనంత తెల్లచుక్కలు. గుండె నెత్తురు గాజుపలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాడు.

"ఇదిగో, రెండు కొసలా రంగు పట్టిన క్రిములు. కొక్కెర కాదమ్మా, కోళ్ళ కలరా. మిగిలినవాటికి మందిస్తాను."

బంగార్రాజు ఒంటికన్ను మూసి తనూ చూశాడు. "ఓస్, ఇయ్యేనా! ఇన్నేళ్ళూ నా నాలిక సూసినియ్యి ఇయ్యే కదా!"

"మరి కొక్కెర అని ఎందుకు చెప్పావయ్యా?"

"కలరా అంటే ఎవులొండుతారు బాబూ?"

మందు కలిపిన నీళ్ళు తాగి మిగిలిన కోళ్ళు తేరుకున్నాయి. పెరడంతా కెలికేస్తున్న వాటిని చూసి బంగార్రాజు మొహం వేలాడేశాడు.

"ఏటి మావా, ఒంట్లో బాగోలేదేటి?" అంది దేముడమ్మ, గుడ్లు ఏరుకుంటూ.