సూరాయమ్మ చూసిన మూడు కారవాన్లు

అరబ్బు దేశంలో, రుమైథియా అనే పేటలో ఒకే ఇంట్లో పంతొమ్మిదేళ్ళుగా వంట చేస్తున్న సూరాయమ్మకు కొత్త వస్తువులంటే గిట్టదు. ఏ వస్తువు ఇంట్లోకి వచ్చినా తుడవాల్సింది ఆవిడే. ఇంటి యజమానురాలిని ఆవిడ మామా అని పిలుస్తుంది. ఆ మామా ముచ్చటపడి హాల్లోకి గాజు దీపాల గుత్తి కొన్నప్పటి నుంచి, నెలకోసారి నిచ్చెనెక్కి నూట నలభై గాజు బిళ్ళలు తుడుస్తోంది. అందుకే అక్టోబరులో ఒక పొద్దున్న మామా వంటింట్లోకి వచ్చి, "సూరా, నేనొక కారవాన్ కొంటున్నాను" అన్నప్పుడు ఉల్లిపాయలు తరుగుతున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

ఆవిడకు తెలిసిన కారవాన్ ఒకటే. సెలవుకి వెళ్ళినప్పుడు రాజోలు దగ్గర షూటింగులో చూసింది. హీరోయిను ఎండలో రెండు నిమిషాలు నిలబడి, గంటసేపు దాన్లో కూర్చుంది.

"మీకేమైనా సినిమాలో వేషం వచ్చిందా మామా?"

మామా నవ్వి ఫోనులో ఫొటోలు చూపించింది. బండిలోనే మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది. చలికాలంలో అందరూ ఎడారిలో గుడారాలు వేసుకుంటారు కదా, తను మాత్రం ఇల్లే వెంటబెట్టుకుని వెళ్తుందట. కొత్తది అక్కర్లేదు, ఎవరైనా శ్రద్ధగా చూసుకున్న పాతది దొరికితే చాలట. అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఇదేం పిచ్చి అని కొడుకులిద్దరూ అన్నారట. ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా చేసిన మనిషి ఆవిడ. వద్దన్నాక ఇంక ఆగుతుందా?

సూరాయమ్మ లెక్క వేరు. ఒక ఇల్లు ఊడవడానికే నడుం పడిపోతోంది. ఇప్పుడు రెండో ఇల్లు, అదీ చక్రాల మీద, అదీ ఇసకలో. ఈ బేరం కుదరకూడదు. యజమానురాలికి ఎదురు చెప్పడం కుదరని పని. కానీ బండికి వంక పెట్టడానికి అడ్డేముంది? అందుకని తనూ చూడడానికి వస్తానంది.

డ్రైవరు ఖాసిం వలికి ఇది నచ్చలేదు. రాయచోటి నుంచి వచ్చి పదకొండేళ్ళుగా ఆ ఇంటి కార్లు నడుపుతున్న అతను, బండి విషయంలో తన మాటే చెల్లాలనే మనిషి.

"నువ్వేం చేస్తావక్కా ఆడికొచ్చి? ఇంజను సంగతి నీకేం తెలుసు?"

"బండి నువ్వు చూడు తమ్ముడూ. మీదున్న ఇల్లు నేను చూత్తాను. ఇల్లు చూసే మనిషి ఒకళ్ళు ఉండొద్దా మరి?"

ఈ మాట అరబ్బీలోకి మార్చి చెబితే మామాకు భలే సబబుగా అనిపించింది. అలా సూరాయమ్మ వంకలు పెట్టడానికి బయల్దేరింది. సంచిలో టీపొడి, చక్కెర, పాలపొడి డబ్బా పెట్టుకుంది. పొయ్యి వెలుగుతుందో లేదో, కుళాయిలో నీళ్ళొస్తాయో లేదో చూడాలంటే టీ కాచి చూడాలి కదా అంది. నిజానికి, టీ పేరు చెప్పి ఎంతసేపైనా లోపలే ఉండొచ్చని ఆవిడ ఎత్తు.

మొదటి బండి వఫ్రాలో ఒక తోటలో ఉంది. తెల్లగా మెరిసిపోతోంది. అమ్మే కుర్రవాడు నల్ల కళ్ళద్దాలు తీయకుండానే మాట్లాడాడు. ఖాసిం వలి బానెట్ ఎత్తి, ఇంజను నడిపించి, చెవి ఒగ్గి విన్నాడు.

"ఇంజను బంగారు మాదిరి ఉండాది" అన్నాడు.

సూరాయమ్మ లోపలికి అడుగు పెట్టగానే సాంబ్రాణిలాంటి బుఖూర్ పొగ ముక్కుకి కొట్టింది. పెళ్ళింట్లో కూడా అంత వేయరు. ఇంత పొగ దేన్ని కప్పడానికా అని అనుమానం వచ్చింది. పరుపు ఎత్తి, గోడ మీద పిడికిలి ముడుచుకుని వేలికణుపులతో కొట్టుకుంటూ పోయింది.

ఈ కొట్టి చూడడం వాళ్ళ నాన్న నేర్పిన విద్య. ఆయన రాజోలు కాలవల మీద పెంకులూ కొబ్బరికాయలూ పడవలో చేరవేసేవాడు. సరుకు దింపే ఊరు దూరమైతే ఇంటిల్లిపాదీ ఆ పడవలోనే పదేసి రోజులు ఉండేవాళ్ళు. చిన్నప్పుడు సూరాయమ్మ నడక నేర్చుకుంది నేల మీద కాదు, పడవ చెక్కల మీద. నీరు ఎక్కడ దాక్కుంటుందో, చెక్క ఎక్కడ మెత్తబడుతుందో, మూతపెట్టిన గదికి ఏ వాసన పడుతుందో ఆవిడకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఠక్, ఠక్ అంటూ వచ్చిన గోడ కిటికీ కింద తప్ మంది. బొటనవేలితో నొక్కితే గోడ లోపలికి పోయింది.

"మూ జైన్, మామా" అంది. బాగాలేదు అని.

కుర్రవాడు అదేదో చిన్న విషయం అన్నాడు. సూరాయమ్మ కుళాయి తిప్పింది. గిన్నెలోకి కాచకుండానే టీరంగు నీళ్ళు వచ్చాయి. మామా ఆ గిన్నె చూసి, కుర్రవాడి వైపు చూసి, వెనక్కి తిరిగింది. దారిపొడుగునా సూరాయమ్మ పరమానందంగా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

రెండోది కబ్ద్‌లో, గుర్రాల కొట్టాల పక్కన. కొని ఎనిమిదేళ్ళయినా నాలుగే సార్లు వాడామని అమ్మేవాళ్ళు చెప్పారు. ఈసారి ఖాసిం వలి మోకాళ్ళ మీద వంగి టైర్ల మీద ముద్రించిన తేదీలు చదివాడు.

"ఇవి బండితో పాటు పుట్టినవే అక్కా. చూడు, రబ్బరు ఎట్ల పగిలిండాదో. ఈటితో రోడ్డెక్కితే మనం ఇల్లు చేరేది అనుమానమే."

వాడకపోవడమే వాడడం కంటే చెడ్డదని, ఈ ఎండకు నిలబడిన బండి నిలబడినట్టే పాడవుతుందని అతను మామాకు వివరించాడు. అంతలో సూరాయమ్మ లోపల ఫ్రిజ్ తెరిచింది. తెరిచిన వెంటనే మూసింది. బండి దిగి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, గుర్రాల దాకా నడిచి అక్కడ గట్టిగా గాలి పీల్చుకుంది. గుర్రాల కొట్టం ఆవిడకు పూలతోటలా ఉంది. ఆ ఫ్రిజ్‌లో పోయిన చలికాలంలో ఎవరో రొయ్యలు పెట్టి మర్చిపోయారు.

ఆ రోజు టీ పరీక్ష జరగలేదు.

మామా దిగులుపడింది. రెండు వారాలు కారవాన్ ఊసెత్తలేదు. సూరాయమ్మ ఆ సంతోషంలో మామాకిష్టమైన చేప మచ్‌బూస్ చేసింది. ఆ అన్నం తింటూనే మామా ఫోను చూసి, "ఇంకొకటుంది, మిష్రిఫ్‌లో. ఇక్కడికి పది నిమిషాలు" అంది. ప్రకటనలో ఒక మసక ఫొటో, కింద ఒక వాక్యం ఉన్నాయి. బండిని చూసుకోవడం చేతకానివాళ్ళు ఫోను చేయవద్దు.

"ఈయనెవరో పొగరుబోతు" అంది సూరాయమ్మ ఆశగా.

అమ్మే ఆయన పేరు అబూ ఖలీల్. ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరయిన పెద్దాయన. బండి పాతది, రంగు వెలిసింది, చూపులకి రొట్టెల బండిలా ఉంది. సూరాయమ్మకు ప్రాణం లేచొచ్చింది. దీనికి వంక పెట్టడం ఎంతసేపు అనుకుంటూ లోపలికి ఎక్కింది.

పరుపు ఎత్తింది. కింద గాలి ఆడడానికి సన్నని చెక్కలు పరిచి ఉన్నాయి. గోడలన్నీ కొట్టింది. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా ఠక్ ఠక్‌మన్నాయి. ఫ్రిజ్ దగ్గరికి భయం భయంగా వెళ్ళింది. దాని తలుపు మూసి లేదు. వాసన పట్టకుండా ఒక చెక్క గరిటె అడ్డం పెట్టి, వేలెడంత సందు ఉంచారు. గిన్నెలు గలగలలాడకుండా ఒక్కో గిన్నె మధ్య గుడ్డముక్క వేసి ఉంది. సింకు కింద దూరి గొట్టాలు తడిమింది, పొడిగా ఉన్నాయి. కిటికీ రబ్బర్లు వేలితో లాగింది, మెత్తగా సాగాయి. మోకాళ్ళ మీద కూర్చుని, గుమ్మం పట్టీ కింద ఇసక ఉంటుందని గోరుతో గీకింది. గోరు శుభ్రంగా తిరిగొచ్చింది.

సూరాయమ్మకు కోపం వచ్చింది. పట్టుదలగా మళ్ళీ మొదటి నుంచి చూసింది. ఆ చూడడంలో ఎప్పుడు కోపం పోయిందో తెలియదు. నాన్న కూడా పడవలో గిన్నెల మధ్య గుడ్డముక్కలే పెట్టేవాడు. టీ పెట్టింది. పొయ్యి అంటుకుంది, నీళ్ళు తేటగా వచ్చాయి. టీ మరుగుతుంటే చిన్న కిటికీ తెరుచుకుని, అక్కడే కుర్చీలో కూర్చుండిపోయింది.

బయట కథ వేరుగా నడుస్తోంది. అబూ ఖలీల్ బండి అమ్మడానికి కాకుండా మనుషుల్ని పరీక్ష పెట్టడానికి కూర్చున్నట్టున్నాడు. ఇప్పటికి పదకొండు మందిని వెనక్కి పంపాడట. ఎవరు నడుపుతారని అడిగి, ఖాసిం వలి చేత బండి ముందుకీ వెనక్కీ నడిపించి తలూపాడు. తరవాత మామా వంతు వచ్చింది.

"ఎండాకాలం ఎనిమిది నెలలూ దీన్నెక్కడ పెడతారు?"

"మా ఇంటి ముందు, రోడ్డు పక్కన."

"ఎండలోనా? ఖలాస్. నేను అమ్మను."

ముప్పై ఏళ్ళు పరీక్షలు పెట్టిన మామాని పరీక్షలో తప్పించిన మొదటి మనిషి ఆయనే. ఆవిడ మొహం ఎర్రబడింది. "యల్లా, వెళ్దాం" అని లేచేసరికి సూరాయమ్మ నాలుగు గ్లాసుల టీతో మెట్టు దిగింది.

"సూరా, ఏం వంకలున్నాయో చెప్పు, ఈయన కూడా విననీ" అంది మామా.

ఖాసిం వలి ఆవిడ వైపు చూశాడు. ఒక్క మూ జైన్ చాలు. ఆ బండీ, ఆ ఇసకా, ఆ రెండో ఇల్లూ జీవితంలో మళ్ళీ ఎదురుపడవు. సూరాయమ్మ టీ గ్లాసులు అందరికీ అందించింది.

"మాఫీ, మామా" అంది. లేవు అని. "ఒక్కటీ లేదు." పెద్దాయన వైపు తిరిగి, వచ్చిన అరబ్బీలో చెప్పుకుపోయింది. "ఎడమవైపు పొయ్యి రెండోసారికి గానీ అంటుకోదు హజ్జీ, అంతే. మా ఇంటి పక్కన షెడ్డు ఉంది. పెద్ద షెడ్డు. అందులో పోయిన అయ్యగారి కారు ఉంది. ఆరేళ్ళ నుంచి కదల్లేదు. అది తీస్తే ఇది నీడలో ఉంటుంది. రబ్బర్లు నేను తుడుస్తాను. ఫ్రిజ్ తలుపుకి గరిటె నేను పెడతాను. ఇచ్చేయండి."

అన్నాక నాలుక కరుచుకుంది. భర్త పోయిన దగ్గర నుంచి ఆ కారు మీద చెయ్యి వేయడానికి మామా ఎవరినీ ఒప్పుకోలేదు. టైర్లలో గాలి పోయి అది నేల మీద కూర్చున్నా, దుప్పటి కప్పి అలాగే ఉంచింది. కొడుకులు అడిగితే రెండు రోజులు మాట్లాడలేదు. ఖాసిం వలి నేల చూపులు చూశాడు.

మామా టీ తాగింది. సగం గ్లాసు అయ్యాక, "ఆయన ఉంటే ఆ కారుని అలా కుళ్ళనివ్వడు. ఎప్పుడో అమ్మేసి ఉండేవాడు" అంది. ఇంకో గుటక వేసి, "షెడ్డు ఖాళీ చేయిస్తాను" అంది.

అబూ ఖలీల్ మాత్రం ఇంకా సూరాయమ్మనే చూస్తున్నాడు. "ఆ పొయ్యి మొదటి రోజు నుంచీ అంతే. మా ఇంట్లో ఒక్కరికీ తెలియలేదు" అన్నాడు. తరవాత ధర మాట్లాడడానికి అయిదు నిమిషాలు పట్టింది. బండి అప్పగించడానికి మూడు రోజులు పట్టింది. ఏ స్విచ్చి దేనిదో, నీళ్ళ ట్యాంకు ఎలా కడగాలో ఆయన చెబుతుంటే మామా మొదటి రోజే విసిగి ఇంటికి వెళ్ళిపోయింది. సూరాయమ్మ మూడు రోజులూ విని, ఆయన గొట్టం చుట్టే పద్ధతి తప్పని వాదించి, తన పద్ధతి నేర్పి వచ్చింది.

"వంకలు పెడతానని పోయి, ఇమ్మని బతిమాలుకుంటివి కదక్కా" అన్నాడు ఖాసిం వలి తాళాలు తీసుకుంటూ.

"వంక ఉంటే పెట్టనా ఏంటి? లేనిది ఎక్కణ్ణించి తెత్తాను?"

నవంబరు చివర్లో సాల్మీ రోడ్డు పక్క ఎడారిలో బండి ఆపారు. ఖాసిం వలి పక్కనే చిన్న గుడారం వేసుకున్నాడు. డ్రైవరు సీటు పైన ఉండే మంచం మామా సూరాయమ్మకి ఇచ్చింది. దానికి తలగడ దగ్గరే కిటికీ ఉంది. రుమైథియా ఇంట్లో ఆవిడ గదికి కిటికీ లేదు. ఇంత ఎత్తు నేనెక్కలేనని సణిగింది గానీ, తెల్లారాక మామా మూడుసార్లు పిలిస్తేగానీ దిగలేదు. ఆ రోజు కాఫీ మామాయే పెట్టుకుంది.

రెండో శుక్రవారం అబూ ఖలీల్ బండి ఎలా ఉందో చూడడానికి వచ్చాడు. వెంట ఆయన భార్య వచ్చింది. మోకాళ్ళ నొప్పితో మెట్టు ఎక్కలేకపోయిందట, అందుకే బండి అమ్మేశారట. అది విని సూరాయమ్మ నీళ్ళసీసాలు తెచ్చిన ప్లాస్టిక్ పెట్టె బోర్లించి మెట్టు కింద ఇంకో మెట్టులా పెట్టింది. ఒక చెయ్యి తను పట్టుకుని, ఇంకో చెయ్యి మామాని పట్టుకోమంది. ఆవిడ మెల్లగా ఎక్కి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఊపిరి తీసుకుంది. తరవాత మొగుడి వైపు చూసింది.

"ఓడలు నడిపించావు. ఈ పెట్టె తట్టలేదు నీకు" అంది.

అబూ ఖలీల్ పెట్టె వైపు చాలాసేపు చూశాడు. తరవాత బండి వైపు, ఆపైన మామా వైపు చూశాడు. ఆయన నోరు తెరవకముందే మామా తల అడ్డంగా ఊపింది.

అప్పటి నుంచి వాళ్ళిద్దరూ శుక్రవారాలు అక్కడికే వస్తున్నారు. ఆడవాళ్ళు కిటికీ పక్కన కబుర్లలో పడితే, అబూ ఖలీల్ బండి చుట్టూ తిరిగి ఏ మూల చూసినా సూరాయమ్మ ముందే తుడిచి ఉంచుతుంది. ఈ మధ్య మామా చెల్లెలు కూడా ఒక కారవాన్ చూసుకుందట. సూరాయమ్మని ఒక పూట పంపమని అడిగింది. ఈవిడ వస్తానంది గానీ, ముందు ఫ్రిజ్ వాళ్ళనే తెరిచి చూడమని చెప్పింది.