కాళ్ల కింద బండ

మా ఊపిరి టీచరమ్మ ఇక లేదని ఫోన్ వచ్చినప్పుడు నేను మేడ్చల్‌లో స్కానింగ్ సెంటర్ బెంచీ మీద ఉన్నాను. కడుపులో బిడ్డ గుండె కొట్టుకుంటోందో లేదో ఇంకాసేపట్లో తెలుస్తుంది. ఇంతకుముందు వచ్చిన కడుపులన్నీ సరిగ్గా ఇన్నో నెలలోనే పోయాయి. చదివేవాళ్లలో నాలాంటి వాళ్లుంటే మీకు తెలుసు, ఆ బెంచీ మీద కాలం కదలదు. టీచరమ్మ దగ్గరికి వెళ్దామని లేవబోతే మా అత్తమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"కడుపుతోటున్నోళ్లు పీన్గును సూడొద్దు. ఈడ పనైనంక నీ వంతు దండం నేను వెట్టొస్త."

టీచరమ్మ నర్సు పని మానేశాక శామీర్‌పేటలో చర్చి పక్క హాలులో శనివారాలు మమ్మల్ని కూర్చోబెట్టేది. అందరం కడుపులు పోయినవాళ్లమే, సీమంతాలకు పిలుపు రానివాళ్లమే. చెప్పులు విప్పించి పాదాలు నేలకు ఆనించమనేది. "కాళ్ల కింద ఏముంది?" అని అడిగేది. బండ అనాలి. "ఎట్లుంది?" చల్లగా ఉందనాలి. "ఇగ ఊపిరి దీస్కో. మనసు రేపట్లకు ఉరికితే మల్ల బండ మీదికి తోల్కరా." శిక్షణంతా ఇంతే. మొదట్లో నాకు ఒళ్లు మండిపోయేది. బిడ్డలు పోయి నేనేడుస్తుంటే బండ సంగతెందుకు?

ఓసారి తట్టుకోలేక, ఈసారి నిలుస్తుందని ఒక్క మాట చెప్పమని బతిమాలాను. ఊళ్లో అందరూ అనే మాటే కదా. ఆమె అనలేదు.

"ఆ మాట నా దగ్గర లేదు బిడ్డా. చెప్తే అబద్ధమైతది. ఏడుపొస్తే ఏడువు, నేనీడనే కూసుంట."

హాలుకు తాళం వేసే వేళ దాటినా నా పక్కనే కూర్చుంది. నన్ను ఊరడించడానికి అబద్ధమాడని మనిషి ఆమె ఒక్కతే. అందుకే నమ్మాను.

అత్తమ్మకు మాత్రం ఇదంతా నవ్వులాట. నన్ను తీసుకెళ్లడానికి వచ్చి మెట్ల మీద కూర్చుని, లోపలికి వినిపించేలా అనేది. "ఊపిరి దీసుడు గూడ నేర్పిస్తరా? పుట్టినకాడికెల్లి దీస్తలేమా?"

టీచరమ్మ పడీపడీ నవ్వేది. "నువ్వు గూడ లోపలికి రా అక్కా" అంటే మాత్రం అత్తమ్మ వచ్చేది కాదు.

స్కానింగ్‌కు నా పేరు పిలిచారు. కాళ్లు కదల్లేదు. ఆ బండ మాటలు చెప్పే మనిషే పోయింది, ఇక నాకెవరున్నారనిపించింది. అత్తమ్మ కిందికి వంగి నా చెప్పులు లాగేసింది.

"కాళ్ల కింద ఏముంది బిడ్డా?"

మెట్ల మీద కూర్చుని అన్నీ విన్నదన్నమాట.

"బండ, అత్తమ్మా."

"ఎట్లుంది?"

"సల్లగుంది."

"ఇగ నడువు."

తెర మీద చిన్న చుక్క టకటకా కొట్టుకుంటోంది. రేపటి మాట నాకు తెలియదు. టీచరమ్మ బతికున్నా చెప్పేది కాదు. ఆమెను చివరిసారి చూడలేకపోయిన దుఃఖం ఆ సంతోషంలోనూ తగ్గలేదు, వెక్కివెక్కి ఏడ్చాను. బయటికొచ్చేసరికి అత్తమ్మ పాదాలు బండకు ఆనించి కూర్చునుంది, బెంచీ కింద నా చెప్పుల పక్కనే ఆమె చెప్పులు కూడా ఉన్నాయి.