కంప్యూటర్ పంపిన పలకరింపు

2000 ప్రాంతంలో దర్శి నుంచి ఉద్యోగానికి సత్తెనపల్లి వచ్చి, లాడ్జిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. ఊళ్లో పలకరించే మనిషి లేడు. పనిచేసే మిర్చి కోల్డ్ స్టోరేజీలో రెండు పాత అసెంబుల్డ్ కంప్యూటర్లను కలపమన్నారు. నెట్‌వర్క్ కార్డులు ఒక పట్టాన పనిచేస్తేగా! కార్డు ఊడదీయడం, కారం దుమ్ము తుడవడం, ఇంకో స్లాట్‌లో పెట్టడం, తుమ్మడం. ఇదే వరస.

ఓ మధ్యాహ్నం కార్డు మీద పచ్చ లైటు వెలిగింది. ఓనరుగారు ఇంకా భోజనం నుంచి రాలేదనుకుని, ఆయన గదిలోని కంప్యూటర్‌కి నోటికొచ్చిన మాట టైపు చేసి పంపాను: "అన్నం తిన్నావా?"

లోపలి నుంచి అప్పటికే తిరిగొచ్చేసిన ఓనరుగారి కేక. "ఎవడ్రా అది, నన్ను అన్నం తిన్నావా అని అడిగేది?"

పరిగెత్తాను. మిర్చి కొనడానికొచ్చిన వ్యాపారులంతా పగలబడి నవ్వుతున్నారు.

"టెస్టింగండీ... కార్డు పనిచేస్తుందో లేదోనని..."

తుమ్మి తుమ్మి ఎర్రబడ్డ నా మొహం కేసి ఆయన చూశారు.

"నేను తిన్నాలేవయ్యా. మరి నువ్వు తిన్నావా?"

ఆ ఊరొచ్చాక నన్ను ఆ మాట అడిగింది ఆయనొక్కరే. తిన్నానండీ అని అబద్ధమాడాను. కళ్లు తుడుచుకుంటుంటే ఏమైందన్నారు.

"కారం దుమ్మండీ" అన్నాను.