యూరప్‌ని తనిఖీ చేసొచ్చిన మా వదిన

మా వదిన పోయింది. వానలు వెనకపడుతున్న రోజుల్లో, పొద్దున్న టీ పొయ్యి మీద ఉండగానే కుర్చీలో వెనక్కి వాలిపోయింది. కింద అంతస్తులో మొహింగా, అదే చేపల పులుసు సేమియా, అమ్మే డా చో పరుగున మెట్లెక్కి వచ్చింది. డాక్టరు వచ్చి గుండె అన్నాడు. అంతే. ఇక్కడ యాంగోన్ లమ్మడా పేటలో మా వీధివాళ్లకి తెలుసు. ఊరి చివర మింగళాడోన్ వైపు ఉన్న మనవాళ్లకి తెలియదేమోనని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. నాది పల్లె బడి చదువు. తప్పులుంటే సరిచేసుకుని చదువుకోండి.

పోయినవాళ్ల గురించి రాస్తే దయగల మనిషి, చల్లని మనిషి అని రాస్తారు. మా వదిన గురించి నిజం రాయాలంటే ముందు ఒక మాట చెప్పాలి. ఆవిడ ఎవర్నీ నమ్మేది కాదు.

మా వీధిలో ప్రతి వసారా నుంచీ కిందకి ఒక తాడు వేలాడుతుంది. కొసన క్లిప్పు, పైన చిన్న గంట. కూరలావిడ వచ్చి తాడు లాగితే పైన గంట మోగుతుంది. మిగతా ఇళ్లవాళ్లు సంచి పైకి లాక్కుని వంట మొదలుపెడతారు. మా వదిన ఒక్కో టమాటా తీసి ఎండకి పట్టి చూసి, సగం మళ్లీ కిందకి దింపేసేది.

"పొద్దున్న కోసినవే అమ్మా!" అని కింద నుంచి కూరలావిడ బర్మా భాషలో అరిచేది.

"పొద్దున్నంటే ఏ రోజు పొద్దున్న?" అని పై నుంచి ఈవిడ.

వీధంతా నవ్వేది. మర్నాడు మళ్లీ ఆ కూరలావిడ అందరికన్నా ముందు మా తాడే లాగేది. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

వదిన తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చినవాళ్ల మనవడు. తల్లి బర్మా ఆవిడ. అందుకని బుగ్గల మీద తనాఖా గంధం, నుదుట కుంకం, రెండూ ఉండేవి. నేను పల్లె నుంచి వచ్చి అన్నావదినల ఇంటి వెనక గదిలో చేరిన రోజున నన్నూ టమాటాని చూసినట్టే చూసింది.

"ఏటి మరిదిగోరూ, మాటాడరేటి? మాటాడనోళ్లంటే నాకు బయ్యం."

"ఏమీ లేదు వదినా."

"ఏమీ నేదన్నారంటే ఏదో ఉన్నాది," అని అన్నం వడ్డించింది. ఆ రోజు నుంచి ఒక్క పూట కూడా నా కంచం ఖాళీగా ఉండనివ్వలేదు. నమ్మలేదు, పెట్టింది. ఆవిడ దగ్గర ఆ రెంటికీ సంబంధం లేదు.

మా అన్న ఓడల్లో వంట చేసేవాడు. యూరప్ రేవులన్నీ తిరిగాడు. ఇంటికి వచ్చిన ప్రతిసారీ వదిన ముందు పెట్టె విప్పేది, ఆ తర్వాత మనిషిని పలకరించేది. ఒకసారి చొక్కా మడత విప్పుతూ ఒక గుండీ దగ్గర ఆగిపోయింది. తను కుడితే గుండీ మీద దారాలు పక్కపక్కనే రెండు గీతల్లా ఉంటాయి. ఇది కత్తెర గుర్తులా ఉంది. అడుగున దారం నాలుగు చుట్లు చుట్టి, గుండీ కాస్త మెడ ఎత్తి నిలబడింది.

"ఈ గుండీ ఎవులు కుట్టినారు?"

"నానే," అన్నాడు అన్న.

"సూదిలో దారం ఎక్కించడం నీకెప్పుడొచ్చినాది?"

"అదే, ఓడలో కుర్రోడు కుట్టినాడు."

"ఏ కుర్రోడు?"

అన్న తల గోక్కున్నాడు. "రేవులో ఓడోళ్లు కూకునే ఇల్లొకటుంటాది. అక్కడో మామ్మ కుట్టినాది."

మూడోది నిజమే అయినా అప్పటికి అది మూడోది. మా వదిన దగ్గర చెల్లదు.

తర్వాత వచ్చిన ప్రతి సెలవులోనూ ఒకటో రెండో అలాంటి గుండీలు ఉండేవి. వదిన వాటిని విప్పి మళ్లీ తన పద్ధతిలో కుట్టలేదు. ఉతికేది, ఇస్త్రీ చేసేది, అలాగే ఉంచేది. సాక్ష్యం అనుకుంటాను. ఒక్కోసారి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి ఆ గుండీ మీద వేలితో రాస్తూ కూర్చునేది. నన్ను చూస్తే మళ్లీ ఇస్త్రీ మొదలుపెట్టేది.

అన్న ఓడలు మానేసి ఇంట్లో కూర్చున్నాక కూడా ఆ మాట చావలేదు. వాళ్లకి పిల్లలు లేరు. ఉన్నది ఒకళ్లకొకళ్లు, ఇద్దరి మధ్య ఆ గుండీలు. ఎండలు మొదలైన ఒక మధ్యాహ్నం, కరెంటు లేక విసనకర్రతో విసురుకుంటూ వదిన అంది, "ఆ మామ్మని సూడాల."

"ఏ మామ్మ?"

"గుండీల మామ్మ."

అన్న నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "ఏ రేవు?" అంది.

"ఏ రేవో సరిగ్గా గేపకం నేదే."

వదిన నా వైపు తిరిగింది. "ఇన్నారా మరిదీ? గేపకం నేదట. అయితే అన్నీ తిరుగుదుం."

నేను హాస్యం అనుకున్నాను. కొద్ది రోజులకి ఆవిడ చేతుల మీద బంగారు గాజులు లేవు, గాజు గాజులున్నాయి. అన్న పాత ఓడ స్నేహితుడి కొడుకు ఫ్రాన్సులో, మార్సెయిల్లో ఉంటాడు. వీసాకి కావలసిన పిలుపు అతను పంపాడు. లత అనే పేటలో బజారుకి వెళ్లి వీపుకి తగిలించుకునే సంచులు రెండు కొన్నారు. కొట్టువాడు చాలా గట్టివన్నాడట. వదిన వాటినిండా బియ్యం పోసి, రెండు రోజులు గోడ మేకుకి వేలాడదీసింది.

"సూసినాక నమ్ముదుం, తొందరేటి?" అంది. ఆ మాట ఆవిడ నోట నేను ఎన్నిసార్లు విన్నానో. చేపల దగ్గర, డాక్టర్ల దగ్గర, రేడియో దగ్గర.

ఇలా వాళ్లు వెళ్లారు. వెళ్లగానే వీధికి అనుమానం మొదలైంది. ఈ రోజుల్లో యాంగోన్ నుంచి వెళ్లినవాళ్లు తిరిగి రావడం తక్కువ. అరవై దాటిన మొగుడూపెళ్లాలు వీపున సంచులేసుకుని ఊళ్లు చూడటానికి వెళ్లారంటే ఎవరు నమ్ముతారు? ఇల్లు అమ్మేశారా అని అడిగారు. అన్నకి జబ్బా అని అడిగారు. నేను లేదన్నాను. నేను తక్కువ మాట్లాడతాను కాబట్టి, ఏదో దాస్తున్నానని తేల్చేశారు.

వదిన ఫోనులో ఫొటోలు పంపేది. డా చోకి చూపించాను. ఆవిడ వేలితో ఒక్కొక్కటే జరిపి చూసి, ఫోను నా చేతిలో పెట్టింది.

"ఇవన్నీ ఒక్క రోజున తీసినవే," అంది.

"కాదు. ఊళ్లు వేరు."

"ఊళ్లు వేరు, బట్టలు ఒకటే! మీ అన్నది ఆ నీలం చొక్కా, మీ వదినది నడుముకి చుట్టుకున్న ఆ పచ్చ లోంజీ. బ్యాంకాక్‌లో ఎక్కడో కూర్చుని బొమ్మల ముందు నిలబడి తీయించుకుని రోజుకొకటి పంపుతున్నారు. మీరు అమాయకులు."

ఆ సాయంత్రం వదిన ఫోను చేస్తే చెప్పాను. బట్టలు మార్చి ఫొటో తీసుకోమన్నాను.

"మార్చడానికేటున్నాది మరిదీ? ఒకటి ఒంటి మీద, ఒకటి తీగ మీద. ఇంకా మోస్తే నడుం ఇరిగిపోదా? డా చోకి సెప్పండి, వచ్చినాక ఈ లోంజీయే ఇస్తాను, వాసన సూసుకోమనండి."

ఫోనులో ఆవిడ చెప్పినవన్నీ ఇలాంటివే. గుడి ఎంత పెద్దది, కొండ ఎంత ఎత్తు అని ఎప్పుడూ చెప్పలేదు. కుర్రాళ్లు పడుకునే హాస్టళ్లలో ఒక గదిలో ఎనిమిది మంచాలట, ఒకదాని మీద ఒకటి. పై మంచం ఊగుతుందని అన్నని పైకి పంపి, ఊగినంతసేపు కింద నిలబడి చూసిందట. తాళం వేసుకునే బీరువా ఇచ్చారట. "తాళం ఆళ్లదే, బీరువా ఆళ్లదే, ఇంక అందులో నా సంచి ఎందుకు ఎడతాను?" అని సంచినే తలకింద పెట్టుకుందట. ఆ సంచిలో ఏముంది కనక! ఒక లోంజీ, తనాఖా చెక్క, ఊరగాయలా నానేసిన తేయాకు పొట్లం ఒకటి. ఆ పొట్లం అన్నకి కూడా విప్పలేదు.

మార్సెయిల్లో అన్న ఒక వీధిలో చెప్పుల కొట్టు చూపించాడట. ఒకప్పుడు అది ఫోను కొట్టు. అక్కడి నుంచే యాంగోన్‌కి ఫోను చేసేవాడు. వదిన ఆ కొట్టు లోపలా బయటా కలియతిరిగింది.

"ఇక్కడేనా? ఒకసారి నువ్వు మాటాడతావుంటే ఎనకాల ఆడది నవ్వినాది."

"ముప్పై ఏళ్లయింది కదే!"

"నవ్వినాదా నేదా?"

"కొట్టు కూడా ఆడమనిసిదే. ఎవుల్ని సూసి నవ్వినాదో!"

"అదే నానూ అడుగుతున్నాను," అందట.

జెనోవాలో మామ్మ లేదు. హాంబర్గ్‌లో లేదు. రోటర్‌డాంలో ఓడవాళ్ల ఇల్లే లేదు, కూల్చేశారు. అక్కడి నుంచి వదిన చేసిన ఫోనులో గొంతు బాగా లేదు. "నేదేమో మరిదీ ఆ మామ్మ," అంది. మామ్మ లేకపోతే ఎవరు ఉన్నట్టు? ఇంత వయసులో ఆ జవాబు మోసుకుని ఇంటికి వస్తే ఈ ఇల్లు ఇల్లుగా ఉంటుందా?

ఆంట్‌వెర్ప్‌లో దొరికింది.

ఓడవాళ్ల ఇల్లు ఇంకా ఉంది. కుట్టే మామ్మ బేస్తవారం మాత్రమే వస్తుందన్నారు. ఆగారు. బేస్తవారం వచ్చింది. బిస్కట్ల డబ్బా నిండా గుండీలు ముందు పెట్టుకుని, బాగా ముసలావిడ, మందం కళ్లద్దాలు. వదిన ముందు ఆవిడ మొహం చూసింది, తర్వాత చేతులు చూసింది. అన్న ఒంటి మీద ఉన్న చొక్కా గుండీ పట్టుకుని పుటుక్కున పీకేసింది.

"ఒలే, ఏటది!" అన్నాడట అన్న.

ముసలావిడ నవ్వి కుర్చీ జరిపింది. చొక్కా విప్పనక్కర్లేదని సైగ చేసి, ఒంటి మీదే కుట్టడం మొదలుపెట్టింది. వదిన సూది ముక్కుకి తగిలేంత దగ్గరగా వంగింది. దారం అడ్డంగా వెళ్లింది, మళ్లీ దాని మీంచి వెళ్లింది. కత్తెర గుర్తు. అడుగున నాలుగు చుట్లు. మెడ.

"అదే కుట్టు మరిదీ," అంది ఫోనులో. "సేతులు వొణుకుతున్నాయి ఆవిడికి. అయినా గుండీ కదల్నేదు."

"అయితే ఇంక నిమ్మళమే కదా వదినా?"

"ఏటి నిమ్మళం? దారం పళ్లతో కొరికినాది. కత్తెర పక్కనే ఉన్నాది. కత్తెరుండగా కొరకడమేటి? మీ అన్నని గుర్తు పట్టనేదట. గుర్తు పట్టకపోతే కుర్చీ మీ అన్నకే ముందెందుకు ఏసినాది?"

తర్వాత గొంతు తగ్గించి, "ఆ తేయాకు పొట్లం ఇచ్చీసినాను," అంది. "తింటాదో పారేత్తాదో, నమ్మకం నేదు."

అన్న నాతో వేరేగా ఇంకో ముక్క చెప్పాడు. తిరుగు రైల్లో దారి పొడుగునా మీ వదిన ఆ గుండీ మీద చెయ్యి వేసుకుని నిద్రపోయింది అన్నాడు. వదినని అడిగితే ఒప్పుకోలేదు. "ముసల్ది కుట్టినాది కదా, ఊడిపోతాదేమోనని పట్టుకున్నాను."

వానలు ముదిరాక తిరిగి వచ్చారు. వీధంతా బయటకి వచ్చి చూసింది. వదిన సంచి దించకుండానే వంటింట్లోకి వెళ్లి నూనె సీసా వాసన చూసి, "కొట్టు మార్చీసినారు మరిదిగోరూ," అంది. మార్చాను. నిజమే.

పోవడానికి కొద్ది రోజుల ముందు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ నన్ను పిలిచింది. అన్న ఇంట్లో లేడు.

"నిజం సెప్పండి మరిదీ. మీ అన్నకి అక్కడ ఎవులైనా ఉండీవోరా?"

"లేరు వదినా."

"మీకెలా తెలుసు?"

ఆలోచించాను. "తెలీదు," అన్నాను.

వదిన కత్తిపీట ఆపి నవ్వింది. కళ్లలో నీళ్లు, ఉల్లిపాయలకే. "అద్గదీ. తెలీదన్నారు సూడండి, మిమ్మల్ని నమ్మొచ్చు."

ఆవిడ నన్ను నమ్మొచ్చు అన్నది ఆ ఒక్కసారే. ఇంతకన్నా ఎవరూ నాకు ఏమీ ఇవ్వలేదు.

ఏడో రోజున బర్మా పద్ధతిలో బౌద్ధ సన్యాసులకి భోజనం పెట్టాం. మన పద్ధతిలో చేయాల్సినవీ చేశాం. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. కూరలావిడ తాడు లాగితే నేనే సంచి పైకి లాగుతున్నాను. అన్నీ బాగున్నవే పెడుతోంది. అది కూడా నాకు బాగా లేదు.

మొన్న సాయంత్రం అన్న బయటకి వెళ్లి చీకటి పడే వేళకి వచ్చాడు. తలుపు తీసే ఉంది. లోపలికి రాలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్ల మీదే నిలబడ్డాడు. ఎక్కడికి వెళ్లావని నేను అడగలేదు. ఆయనే మొదలుపెట్టాడు.

"లత బజారు దాకా ఎల్లినాను. టీ కొట్టుకాడ కూకున్నాను. ఆ పైన రేవుకాడికెల్లినాను. వానొస్తే చూరు కింద నిలబడ్డాను."

తల ఊపాను.

"అంతేరా. మరింకెక్కడికీ ఎల్లనేదు."

మళ్లీ తల ఊపాను. ఆయన కదల్లేదు. గుమ్మం ఇవతలికి కాలు పెట్టడం లేదు. నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆయనకి కావలసింది ఏమిటో నాకు తెలుస్తూనే ఉంది. వదిన యాసలోనే అడిగాను.

"ఇంతసేపా? రేవుకాడ ఎవులితోటి?"

అన్న చెప్పులు కింద పెట్టాడు. నాకు వీపు పెట్టి మెట్టు మీద కూర్చున్నాడు. ఇంట్లోంచి బయలుదేరిన దగ్గర్నుంచీ మొదలుపెట్టి, ఏ మలుపులో ఎవరు కనబడ్డారో, ఎవరు ఏమన్నారో ఒక్కొక్కటీ చెప్తున్నాడు. తడిసిన లోంజీ అంచు నుంచి నీళ్లు మెట్టు మీంచి మెట్టు మీదకి దిగుతున్నాయి.