మోగని గోల్ఫ్ కర్ర

ఇది ఒక వీరగాథ. ఇందులో ఆయుధం ఉంది, దాన్ని ఎత్తిన యోధుడున్నాడు, సాక్షిగా నల్లమల కొండలున్నాయి, ఓడితే బతుకంతా చెరలో గడపాలన్న షరతు ఉంది.

రెండో పేరాకే నిజం చెప్పేస్తాను. ఆయుధం కొరియర్‌లో వచ్చింది. యోధుడు నేను, ఎండకి తాళలేక తలకి అమ్మ తువ్వాలు చుట్టుకుని ఉన్నాను. కొండలు పెద్దారవీడు వైపు ఎక్కడో మసకగా కనబడుతున్నాయి, వాటికి ఈ విషయంలో ఆసక్తి ఉన్నట్టు లేదు. చెర అంటే మార్కాపురంలో మా నాయన నడిపే పలకల దుకాణం.

డిగ్రీ అయ్యాక ఏడాదిన్నరగా ఇంట్లో ఉద్యోగం వెతుకుతున్నాను, అంటే ఫోన్ చూస్తున్నాను. ఆటసామాన్లను పరీక్షించి రాసే ఒక బెంగళూరు వెబ్‌సైటు వాళ్ళు మనుషులు కావాలన్నారు. క్రికెట్ బ్యాట్ల గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం, అందుకని దరఖాస్తు పెట్టాను. "ఏ ఆటైనా పరవాలేదా?" అన్న గడిలో ఒక టిక్కు కూడా పెట్టాను. వారం తిరక్కుండా గోల్ఫ్ డ్రైవర్ ఒకటి, డజను బంతులూ ఇంటికి వచ్చాయి. డ్రైవర్ అంటే గోల్ఫ్‌లో మొట్టమొదటి దెబ్బ, అన్నిటికన్నా దూరం పోవాల్సిన దెబ్బ కొట్టే కర్ర. నా ఛాతీ దాకా వచ్చే కాడ, దాని చివర పెద్ద వంకాయంత నల్లటి తల. ఈ కొత్త రకం సాంకేతికత, పనితీరు మీద శనివారం సాయంత్రం ఐదింటిలోపు రాసి పంపాలి. వాళ్ళకి నచ్చితే ఉద్యోగం.

నాయన ఆ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏందిరా ఇది?"

"గోల్ఫ్ కర్ర నాయనా. పరీక్ష చేసి రాయాల."

"నువ్వెప్పుడన్నా ఆడినావా?"

"లేదు."

"మార్కాపురంలో ఎవురన్నా ఆడినారా?"

"ఆడేంత గడ్డి యాడుంది నాయనా మనకు?"

నాయన కాసేపు గడ్డి సంగతి ఆలోచించాడు. "సరే. ఉద్యోగం వస్తే బెంగుళూరు పో, నేను అడ్డం రాను. రాకపోతే సోమవారం నుంచి దుకాణంలో కూచో. ఇంక మాటల్లేవు."

కర్రతో పాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది. బంతికి తగిలే ముఖం లోహం కాదట, కార్బన్ పొరలట. అడుగున రెండు బరువు మరలున్నాయి, అవి ముందూ వెనకా మారిస్తే బంతి పోయే తీరు మారుతుందట. సరిగ్గా మధ్యలో తగలకపోయినా బంతి పెద్దగా దారి తప్పదట; కర్ర మన తప్పులను క్షమిస్తుందని రాశారు. ఆ ముక్క పైకి చదివాను.

"మనింట్లోకి క్షమించేది ఒకటన్నా వచ్చినాది," అంది అమ్మ వంటింట్లోంచి.

ఐదో పేజీ దాకా చదివి, అర్థమైందనుకుని మూసేశాను.

కొట్టి చూడాలంటే చోటు కావాలి. మా గోడౌన్‌లో పలకలు ఏరే మామకి కొనకనమిట్ల దారిలో కంది చేను ఉంది, కోత అయిపోయి ఖాళీగా పడి ఉంది. మామ అంటే చుట్టం కాదు, నేను పుట్టక ముందు నుంచీ మా దగ్గర పనిచేస్తున్నాడు. ఆయన పని వినడం. పలకని రెండు వేళ్ళతో పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని, వేలి కణుపుతో ఒక్కటి కొడతాడు. ఖంగుమంటే మంచి పలక. డబ్‌మంటే లోపల పగులుంది, కంటికి కనబడకపోయినా సరే. చిన్నప్పుడొకసారి ఆయన పక్కన పడేసిన పలకని, ఎక్కడా గీత కూడా లేదే అని వాదించి నేను బడికి తీసుకెళ్ళాను. రెండో ఎక్కం రాస్తుండగా అది రెండు ముక్కలైంది. అప్పటి నుంచి ఆ చెవితో నేను వాదన పెట్టుకోలేదు.

శుక్రవారం పొద్దున్నే చేనుకి పోయాం. మొదటి దెబ్బకి గాలి తగిలింది. రెండో దెబ్బకి బంతి తగిలి కుడికి పోయింది. మామ అడుగులు వేసుకుంటూ పోయి, "తొంబై!" అని అరిచాడు. మరలు మార్చి కొట్టాను, ఎడమకి పోయింది. సాంకేతికత పనిచేస్తోందని సంబరపడ్డాను. మరలు మళ్ళీ మొదటి చోటికే మార్చి కొట్టాను. ఈసారీ ఎడమకే పోయి పక్క చేలో మిరప చెట్ల మధ్య పడింది.

"మారింది కర్రనా, నువ్వా అల్లుడూ?" అన్నాడు మామ.

నాకూ తెలియలేదు. నోటు పుస్తకంలో 'కుడి, ఎడమ, ఎడమ' అని రాసుకున్నాను. ఆ తర్వాతి దెబ్బకి బంతి కింద ఉన్న రాయి తగిలింది. చేతులు మోచేతుల దాకా జివ్వుమన్నాయి. కర్ర తల అడుగున చిన్న గీత పడింది, అంతకు మించి ఏమీ లేదు. మామ వచ్చి కర్ర అందుకున్నాడు. అలవాటు కొద్దీ దాని ముఖాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టాడు.

డబ్.

ఇంకోసారి కొట్టాడు. డబ్.

"పగిలింది," అన్నాడు.

"పగులు కనబడాల గదా మామా?"

"ఆ పొద్దు పలక మీద కనబడిందా?"

నేను కర్ర ముఖాన్ని ఎండకేసి తిప్పి చూశాను.

"కొట్టకముందు మోగిచ్చి చూసినావా?"

"లేదు."

"అట్లయితే నువ్వు పగలగొట్టినావో, పగిలిందాన్నే పంపినారో ఎట్ల తెలుస్తది?"

ఇదీ నా అయోమయం. నేనే పగలగొట్టి ఉండొచ్చు. వచ్చేటప్పుడే పగిలి ఉండొచ్చు. అసలు పగలకపోయి ఉండొచ్చు. పోల్చి చూద్దామంటే ఇంకో గోల్ఫ్ కర్ర కావాలి. ఇటు గిద్దలూరు దాకా వెతికినా దొరుకుతుందని నాకు నమ్మకం లేదు. 'ఈ కర్ర ఎలా మోగాలి?' అని వెబ్‌సైటు వాళ్ళకి మెయిల్ పెట్టాను. గడువు శనివారం సాయంత్రం ఐదు అని జవాబు వచ్చింది.

శనివారం మధ్యాహ్నం రాయడానికి కూర్చున్నాను. పుస్తకంలో ఉన్నదే నా మాటల్లో మార్చి రాస్తే అరగంట పని. దూరం బాగా పోతుంది, తప్పులు క్షమిస్తుంది, ముఖం అద్భుతం. అలాగే మొదలుపెట్టాను కూడా. 'ముఖం అద్భుతం' దగ్గర చెయ్యి ఆగింది. నిన్న ఆ ముఖం చేసిన చప్పుడు నేనూ విన్నాను. రాసిందంతా కొట్టేసి మళ్ళీ రాశాను: మరలు మారిస్తే ఏం మారిందో చెప్పలేను, ఎందుకంటే ప్రతి దెబ్బకీ నేను కూడా మారాను. రాయి తగిలింది, అది నా తప్పు. ముఖాన్ని కొడితే పగిలిన పలకలా మోగుతోంది, అది ఎవరి తప్పో తెలియదు. కర్ర తలకి నాలుగు వైపులా ఫొటోలు తీసి జతచేసి, ఐదుకి పది నిమిషాల ముందు పంపేశాను.

ఆదివారం ఒక మేడమ్ ఫోన్ చేసింది. మర్యాదగా మాట్లాడింది. ఫొటోల్లో పగులేమీ లేదని, కార్బన్ ముఖం మొద్దుగానే మోగుతుందని, కొత్త రకం ప్రత్యేకతే అదని, పుస్తకం ఆరో పేజీలో రాసి ఉందని చెప్పింది.

"చదవడానికి సరదాగా ఉందండీ. కానీ మాకు గోల్ఫ్ ఆడినవాళ్ళు కావాలి. దూరం కూడా మీరు అడుగుల్లో రాశారు."

"అవి మా మామ అడుగులండీ," అన్నాను. దానివల్ల ఏమీ మారలేదు.

సోమవారం గోడౌన్‌లో మామకి సంగతంతా చెప్పాను. ఆయన చేతిలోని పలకని కొట్టి, విని, మంచివాటి వైపు పెట్టాడు.

"అంటే తయారుచేసేటప్పుడే పగిలినట్టు మోగేలా చేసినారా?"

"అవును మామా."

"మరి నిజంగా పగిలితే ఎట్ల తెలుస్తది?"

ఆ మాట మేడమ్‌ని అడగాలని నాకు తట్టలేదు. ఆరో పేజీ తీసి చూశాను, అందులోనూ లేదు. నాయన గల్లాపెట్టె ముందు నుంచి లేచి నాకు కుర్చీ చూపించాడు.

దుకాణం పొద్దున తొమ్మిదింటికి తెరుస్తాం. మధ్యాహ్నం ఒకటి నుంచి రెండు దాకా మూసి ఉంటుంది.