అక్క అరచేతికి తెలిసిన ఇంజన్

దెయ్యాలు, వింతలు నేను ఏనాడూ నమ్మలేదు. ఎవరైనా చెబితే, ఎవరు చూశారు, ఎన్ని గంటలకు అని అడిగే రకం. ముప్పై ఏళ్ల విలేకరి ఉద్యోగం నేర్పిన అలవాటు అది. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నేనే చూశాను. పట్టపగలు, పదకొండు నలభైకి.

మాది నరసాపురం దగ్గర చేపల వేట కుటుంబం. మా అక్క సత్యవతికి నలభై ఏళ్ల వయసులో మెదడువాపు జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. మాట మిగిలింది. ఎదుటివాళ్ల పెదాలు చూసి సంగతి పోల్చుకుంటుంది.

మా రేవులో ఆడవాళ్లు బోటు ఇంజన్ చప్పుడు విని, తమదేనని గుర్తుపట్టాకే అన్నానికి ఎసరు పెడతారు. చెవులు పోయిన రెండేళ్లకు అక్క, పడవలు కట్టే ఇనుప స్తంభం మీద అరచెయ్యి ఆనించి, నీళ్లలోంచి అందే ఇంజన్ అదురును బట్టి బావ బోటును పోల్చడం మొదలుపెట్టింది.

"చెవులున్నోళ్లం మేం. మాకంటే ముందు ఈవిడింట్లో అన్నం ఉడికిపోద్ది అన్నయ్యా," అని పక్కింటి మంగ నవ్వేది.

అక్కకు వైద్యం చేసిన రాజమండ్రి డాక్టరు గారు ఇందులో వింతేమీ లేదన్నారు. వినికిడి పోయాక మెదడులో ఆ చోటు ఖాళీగా పడి ఉండదట. చూపూ స్పర్శా మెల్లగా అక్కడికి చేరి దాన్ని వాడుకుంటాయట. నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

కిందటేడు వానాకాలంలో బావ బోటు రావలసిన రోజుకు రాలేదు. ఫోన్ కలవలేదు. మూడో రోజుకి రేవులో జనం అక్క మొహం వైపు చూడడం మానేశారు. ఆమె స్తంభం దగ్గరే కూర్చుంది.

పదకొండు నలభైకి నన్ను పిలిచింది.

"ఇంటికెళ్లి ఎసరు పెట్టించరా. మీ బావ వస్తున్నాడు."

ఏటి మీద ఏమీ కనిపించలేదు. గాలి తప్ప చప్పుడు లేదు. పక్కనే ఉన్న మంగ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లి ఎసరు పెట్టింది.

పన్నెండున్నరకు బోటు మలుపు తిరిగింది. టార్పాలిన్‌ను తెరచాపలా కట్టుకుని, సముద్రపు పోటు నీటి మీద నిశ్శబ్దంగా వచ్చింది. ఇంజన్ ముందురోజు సాయంత్రమే ఆగిపోయిందని బావ చెప్పాడు. తర్వాత మెకానిక్ విప్పి చూస్తే లోపల బిగుసుకుపోయి ఉంది.

అక్కకు ఆశ కొద్దీ అలా అనిపించి ఉంటుందనుకున్నాను. కానీ అంతకుముందు రెండు రోజులూ ఆమె ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

బావకు అన్నం వడ్డిస్తుండగా అడిగాను, చేతికి ఏం తెలిసిందని.

"ఇంజనే," అంది.

ఇంజన్ నిన్ననే ఆగిపోయిందని ఫోన్‌లో రాసి చూపించాను. చదివింది. బావ కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది. తర్వాత నా వంక జాలిగా చూసింది.

"నీకు వినపడలేదేంట్రా తమ్ముడూ?"