లీకు బాబాయ్ చెవి

మా వీధికి నీళ్ళు వదిలే మనిషితో నేను పందొమ్మిదేళ్ళు పోట్లాడాను. ఊరికే కాదు, కారణం ఉంది. పై వీధికి గంటసేపు వదిలేవాడు, మాకు ముప్పావుగంటే. అడిగితే, "మీది పల్లం అమ్మాయ్, జోరుగా వస్తాయి. ముప్పావుగంటలో మీకు పడేవి వాళ్ళకి గంటలో కూడా పడవు" అనేవాడు. అది నిజమేనని నాకూ తెలుసు. తెలిసినా పోట్లాడేదాన్ని. నేను బట్టలు కుట్టుకుని బతికేదాన్ని. పొద్దున్నే ఎవరినో ఒకరిని నాలుగు మాటలు అనకపోతే మిషను ముందు కూర్చోబుద్ధి కాదు నాకు.

ఆయన అసలు పేరు ఏమిటో ఆయన జీతం కాగితాలకే తెలియాలి. అందరికీ లీకు బాబాయ్. అరవైకి దగ్గరపడ్డ బక్కపలచని మనిషి. మోకాళ్ళదాకా మడిచిన ప్యాంటు, భుజాన వాల్వులు తిప్పే పొడుగు తాళం, చేతిలో నిలువెత్తు ఇనప కడ్డీ. భూమిలో ఎక్కడ పైపు పగిలిందో కనిపెట్టడం ఆయన పని. కడ్డీ ఒక కొస రోడ్డు మీద ఆనించి, రెండో కొస చెవి వెనక ఎముకకి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. కాసేపాగి, "ఇక్కడ తవ్వండి" అనేవాడు. తవ్వితే అక్కడే ఉండేది, జానెడు అటూ ఇటూ. ఒకసారి ఆఫీసువాళ్ళు దానికోసం ఏదో మిషను తెచ్చారు. అది చూపించిన చోట తవ్వితే పొడి మట్టి వచ్చింది. బాబాయ్ నెల రోజులు నవ్వాడు.

ఆయన భార్య బాధ ఆవిడది. "పక్క గదిలోంచి నేను గొంతు చించుకుని పిలిస్తే వినపడదు. రెండిళ్ళ అవతల కుళాయి కారితే మాత్రం అన్నం ముందు నుంచి లేచి వెళ్తాడు" అని నా దగ్గర వాపోయేది. వీధిలో అందరూ ప్రార్థనకి కూడే వేళా, నీళ్ళు వదిలే వేళా ఒకటే కావడంతో ఆయన్ని దేవుడి ముందు చూసినవాళ్ళు కూడా తక్కువే. "దేవుడికి మాత్రం నీళ్ళు అక్కర్లేదా?" అని తప్పించుకునేవాడు.

ఇలాంటి మనిషి. పెద్దగా చెప్పుకోవడానికేం లేదు అనుకునేదాన్ని నేను.

భూకంపం వచ్చిన రోజు పొద్దున నేను ఒక పెళ్ళికూతురి బట్టలకి అంచు వేస్తున్నాను. మిషను దానంతటది జరిగింది. ఇదేమిటి, నేను తొక్కలేదు కదా అని కిందకి చూశాను. చూసేసరికి గోడ మీది అద్దం నా కాళ్ళ దగ్గర ముక్కలై ఉంది. బయటకి ఎలా వచ్చానో నాకు తెలీదు. వీధి నిండా దుమ్ము. ఆ దుమ్ములో మలుపు దగ్గరి మూడంతస్తుల ఇల్లు కనపడలేదు. దుమ్ము తగ్గాక కూడా కనపడలేదు. ఒక రాళ్ళగుట్ట ఉంది. కింది వాటాలో మా అక్క ఉంటుంది.

మా అక్క అంటే ఏమిటో చెప్పాలి మీకు. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు, దానికి పదహారు. నాకు తల దువ్వింది అదే, తన్నింది అదే, కుట్టు నేర్చుకోమని మిషను కొనిపెట్టింది అదే. పుస్తకాలకి అట్టలు వేసే చోట పని చేసేది. పెళ్ళి మాటెత్తితే, "నిన్ను పెంచేసరికే నా సరదా తీరిపోయింది" అనేది. నాకు ఈ లోకంలో నాది అనుకునే మనిషి అదొక్కతే.

నేను రాళ్ళ మీద పడి గోళ్ళతో గీరుతుంటే ఎవరో పట్టుకుని వెనక్కి లాగారు. ఆ వేళ లీకు బాబాయ్ ఎటు పరిగెత్తాడో తర్వాత తెలిసింది. వీధి చివర ట్యాంకు దగ్గరికి. పైపులన్నీ పగిలి నీళ్ళు బయటకి తన్నుతున్నాయి, కూలిన ఇళ్ళ కిందకి పోతే లోపల ఇరుక్కున్నవాళ్ళు మునిగిపోతారని మెయిన్ వాల్వు కట్టేశాడు. ఎవరూ చెప్పలేదు ఆయనకి. ఆయన ఇంటి పైకప్పు సగం కూలిందని తెలిసి కూడా ముందు అటే వెళ్ళాడు.

పదకొండు దాటాక కడ్డీ పట్టుకుని వచ్చాడు. కూలిన ప్రతి ఇంటి మీదా ఎక్కి విన్నాడు. టీ కొట్టు ఆయన తల్లి మూలుగు బాబాయ్ ఒక్కడికే వినపడింది. ముసలావిడని బయటకి తీస్తుంటే వీధి వీధంతా ఏడ్చింది. అప్పుడు మా అక్క ఇంటి మీదకి వచ్చాడు. నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. పందొమ్మిదేళ్ళ పోట్లాటలూ గుర్తొచ్చి, వాటికి ఇప్పుడు నా మీద కక్ష తీర్చుకుంటాడేమోనని పిచ్చి భయం కూడా వేసింది.

చాలాసేపు విన్నాడు. "టక్... టక్... అని వస్తోంది" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

"మా అక్కే బాబాయ్!"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "కాదమ్మా. మనిషి కొడితే ఒకసారి గబగబా, ఒకసారి ఆగి ఆగి కొడతారు. ఇది ఒకే తీరుగా పడుతోంది. పైపులోంచి నీటిబొట్టు. ముప్పై ఏళ్ళుగా వింటున్నాను, నాకు తెలీదా?"

ఆయనకి తెలుసు. అదే వచ్చింది చిక్కు. వేరే ఎవరన్నా చెప్పుంటే జుట్టు పట్టుకునేదాన్ని. లీకు బాబాయ్ చెవి నీళ్ళు అందంటే ఇక నీళ్ళే. జనం పక్కింటి వైపు వెళ్ళిపోయారు. నేను అక్కడే కూలబడ్డాను. ఆ రోజంతా ఎవరెవరో వచ్చి నా చేతిలో రొట్టె పెట్టారు, భుజాల మీద దుప్పటి కప్పారు. దేవుణ్ణి మాత్రం నేను ఒక్క మాట అడగలేదు. ఆయన మీద నాకు ఒళ్ళు మండిపోతోంది.

మర్నాడు పొద్దున తాగడానికి చుక్క నీళ్ళు లేవు. మెయిన్ తెరిస్తే ప్రమాదం. అందుకని పైపులో నిలిచిపోయిన నీళ్ళన్నా పట్టిద్దామని బాబాయ్ మా వీధి పల్లంలో ఉన్న కుళాయి దగ్గర బిందెలు పెట్టించాడు. తిప్పితే ఉస్సుమని గాలి వచ్చింది. టీ కొట్టు ఆయన అక్కడే ఉన్నాడు.

"అందులో ఏముంది బాబాయ్? నిన్న దెబ్బలు కడగడానికని మేమే పట్టేశాం. పది గంటలకే ఆఖరి బిందె. ఆ తర్వాత గాలే."

"పదింటికా?"

"ఆ, పదింటికే. ఏం?"

బాబాయ్ ముఖంలో నెత్తురు లేకుండా పోయిందట. వాల్వు కట్టింది తను. పల్లంలో ఉన్న కుళాయి లైను మొత్తాన్ని ఖాళీ చేసేసింది పదింటికి. తను మా అక్క ఇంటి మీద విన్నది పదకొండు దాటాక. నీళ్ళు లేని పైపులో బొట్టు ఎక్కణ్ణుంచి పడుతుంది? ఒకే తీరుగా కొట్టిందంటే అది మా అక్కే. ఇరవై ఎనిమిదేళ్ళు అట్టల మీద సుత్తితో ఒకే తీరుగా కొట్టిన చెయ్యి దానిది. మాకెవరికీ తట్టలేదు. నాకు కూడా తట్టలేదు, నా బుద్ధి కాలిపోను!

ఆ సరికి మా అక్క ఇంటి గుట్ట దగ్గర పొక్లెయిను ఉంది. అంబులెన్సులు రావడానికి దారి లేదు, అక్కడ బతికున్నవాళ్ళు లేరు, ముందు దాన్ని తోసేద్దాం అనుకున్నారు. నేను ఎదురుచెప్పలేదు. ఇనప పళ్ళున్న దాని దోసిలి మొదటి రాళ్ళని తాకబోతుంటే, "ఆపండి! ఆపండ్రా!" అని అరుస్తూ వచ్చాడు ముసలాయన. చెప్పు ఒకటి ఎక్కడో జారిపోయింది. వచ్చి ఇనప దోసిలి ముందు అడ్డంగా నిలబడ్డాడు. ఆయన అన్న మొదటి మాట, "నిన్న నేను తప్పు చెప్పాను."

పొక్లెయిను నడిపే అబ్బాయి వేరే ఊరివాడు. "తాతా, నాకోసం ఇంకా రెండు చోట్ల చూస్తున్నారు. అక్కడా మనుషులే ఉన్నారు" అన్నాడు. అతనిదీ తప్పు కాదు. "పది నిమిషాలు ఇవ్వు బాబూ. మిషను ఆపు. ఎవరూ కదలకూడదు, మాట్లాడకూడదు. పది నిమిషాల్లో నాకేం వినపడకపోతే నేనే పక్కకి తప్పుకుంటాను" అన్నాడు బాబాయ్.

నేను అనుకున్నాను, ఎవరు వింటారు ఈయన మాట? నిన్న తప్పు చెప్పానని ఒప్పుకున్న మనిషి. వీధి నిండా మూడు నాలుగు వందల మంది. ఎవరి ఏడుపు వాళ్ళది, ఎవరి వెతుకులాట వాళ్ళది.

మొదట ఆ అబ్బాయి ఇంజను ఆపాడు. తర్వాత జెనరేటరు ఆగింది. టార్పాలిన్ కింద కొందరు గొంతెత్తి ప్రార్థన చేస్తున్నారు. చేయిస్తున్న పెద్దాయన సగంలో ఆపేసి, "ఇప్పటినుంచి నోరు మూసుకుని అడగండి, దేవుడికి వినపడుతుంది" అన్నాడు. ఒక తల్లి ఏడవబోతున్న పిల్లని గుండెకి హత్తుకుని పాలు పట్టింది. ఒకడు కుక్క పక్కన మోకాళ్ళ మీద కూర్చుని దాని మూతి రెండు చేతులతో మెత్తగా పట్టుకున్నాడు. కొడుకు కోసం రాళ్ళు ఎత్తుతున్న ఒకాయన, చేతిలో ఉన్న రాయిని కింద పెడితే చప్పుడవుతుందని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. మలుపు అవతల ఎవరో తువ్వాళ్ళు ఊపి బండ్లు ఆపేశారు. పక్క వీధికి కబురు ఎలా వెళ్ళిందో తెలీదు, అక్కడా ఆగిపోయింది.

నేను అలాంటి నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. నా గుండె నాకే పెద్దగా వినపడుతోంది. ఇంతమంది, ఎవరి కడుపుకోత వాళ్ళకి ఉన్నవాళ్ళు, మా అక్క ముఖం కూడా ఎరగనివాళ్ళు చాలామంది, దానికోసం ఊపిరి కూడా మెల్లగా తీస్తున్నారు. అంతవరకూ దేవుడి మీద ఉన్న కోపం ఎటు పోయిందో! ఆ క్షణాన ఆయన అక్కడే, మా మధ్యే ఉన్నాడనిపించింది. నా మాట నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

బాబాయ్ రాళ్ళ మధ్య పైకి తేలిన పైపుకి కడ్డీ ఆనించి చెవి పెట్టాడు. ఒక నిమిషం. రెండు. ఏమీ లేదు. ఐదు నిమిషాలయ్యాయి. ఆయన కనుకొలకుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అప్పుడు భుజాన ఉన్న తాళం తీసి పైపు మీద మూడు దెబ్బలు కొట్టాడు. విన్నాడు. మళ్ళీ మూడు కొట్టాడు.

కళ్ళు తెరిచి నా వైపు చూసి మూడు వేళ్ళు చూపించాడు. మళ్ళీ రెండు కొట్టి, రెండు వేళ్ళు చూపించాడు. నీటిబొట్టు జవాబు ఇవ్వదు.

ఒక్కరు కూడా అరవలేదు. చప్పుడు చేస్తే ఆయనకి చోటు తెలియదు. వందలమంది నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా ఏడ్చారు. నేను నా కొంగు నోట్లో కుక్కుకున్నాను. "ఇక్కడ తవ్వండి" అన్నాడు బాబాయ్ చివరికి. ఆ అబ్బాయి యంత్రం దిగి, తనకోసం చూస్తున్నవాళ్ళ దగ్గరికి యంత్రంతో పాటు తన తోడువాణ్ణి పంపించి, తను మాత్రం ఇక్కడే చేతులతో రాళ్ళు మోశాడు. చేతి నుంచి చేతికి, వీధి పొడవునా రాళ్ళు వెళ్ళాయి. నాలుగు గంటలు పట్టింది. స్నానాల గది మూలలో, ఒరిగిన శ్లాబు కింద మా అక్క బతికి ఉంది. చేతిలో సొట్టలు పడ్డ స్టీలు మగ్గు ఉంది.

ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఒకరోజు ముందు తెస్తే దక్కేదేమో అన్నాడు డాక్టరు, ఎవరు వింటున్నారో చూసుకోకుండా. బాబాయ్ ఆసుపత్రి గుడారం గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. రెండు రోజులు వచ్చాడు, లోపలికి అడుగు పెట్టలేదు.

మూడో రోజు అక్కే అడిగింది. "గుమ్మం దగ్గర ఎవరే?"

"లీకు బాబాయ్."

"లోపలికి రమ్మను. నాకు జవాబు చెప్పిన చెయ్యి ఆయనదేగా?"

ఆయన వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. "నీకు ఒకరోజు పోగొట్టాను తల్లీ" అన్నాడు. అక్క ఆయన చేతి మీద చెయ్యి వేసింది. తర్వాత చెప్పింది.

"కాలు నలిగిందని తెలుస్తూనే ఉంది బాబాయ్, దానికి నేను భయపడలేదు. పైన మీ మాటలు, మిషన్ల చప్పుడు వినపడుతున్నంతసేపూ ఎవరో ఒకరు వస్తారని కొడుతూనే ఉన్నా. రెండో రోజు ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. ఇంజను ఆగింది, ప్రార్థన ఆగింది, ఒక్క గొంతు లేదు. ఇక ఎవరూ లేరు, అందరూ నన్ను వదిలేసి వెళ్ళిపోయారు అనుకున్నా. అప్పుడు మగ్గు కింద పెట్టేశా."

ఆ ఐదు నిమిషాలు ఎందుకు ఏమీ వినపడలేదో అప్పుడు తెలిసింది మాకు.

"వెళ్ళిపోలేదక్కా" అన్నాను. "నీ చప్పుడు వినాలనే అందరం నోళ్ళు మూసుకున్నాం."

"అందరూ అంటే?"

"వీధి చివరిదాకా. పక్క వీధి కూడా. పసిపిల్లలతో సహా."

"నాకోసమా?"

"నీకోసమే."

ఇంత జరిగినా ఒక్క కన్నీటి చుక్క రాల్చని మా అక్క, పక్కకి తిరిగి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. మేము ఆపలేదు.